కొత్త గిన్నె పొయ్యెక్కే ముందు

పోయిన వారం విజయనగరం నుంచి ఫోను వచ్చింది. మా వారి చిన్నాన్నగారి కోడలు, నాకు తోడికోడలి వరస. నాలాగే తెలుగింట పుట్టి, నాలాగే మహారాష్ట్ర తీరపు బెనే ఇస్రాయేల్ యూదుల ఇంట మెట్టిన పిల్ల. "అక్కా, గంటస్తంభం దగ్గర కొట్లో కాపురానికి కావలసిన సామానంతా కొనేశాను. కుక్కరు, మిక్సీ, కరెంటు కెటిల్ కూడా తీసుకున్నాను. వాడే ముందు వీటిని ముంచాలని అత్తయ్యగారు చెప్పారు. ముంబయిలో అయితే మునకల కోసమే కట్టిన మిక్వె కొలను ఉంది. ఇక్కడ ఎక్కడ ముంచను? పెద్ద బకెట్టు నిండా నీళ్లు పట్టి ముంచితే సరిపోతుందా?" అని అడిగింది.

సరిపోదు. ఎందుకు సరిపోదో, ఏం చేస్తే సరిపోతుందో ఫోనులో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళంలో పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నాకు నేర్పింది మా అత్తగారు, మహారాష్ట్రలోని అలీబాగ్ సముద్రపు ఒడ్డున, మోకాలి లోతు నీటిలో నిలబెట్టి. ఆవిడ నేర్పిన పద్ధతిని మన సముద్రానికీ, మన బావులకూ, మన వంటింటి సామానుకూ సరిపడేలా రబ్బీలను, అంటే యూదుల మతగురువులను, అడిగి తెలుసుకుంటూ వచ్చాను.

ముందు అసలు విషయం. వంటకూ భోజనానికీ వాడే లోహపు పాత్ర గానీ గాజు పాత్ర గానీ యూదులు కానివారి దగ్గర నుంచి యూదుల ఇంటికి సొంతమై వచ్చినప్పుడు, మొదటిసారి వాడే ముందే దాన్ని సహజమైన నీటిలో పూర్తిగా ముంచి తీయాలి. హీబ్రూలో దీని పేరు తెవిలత్ కెలీమ్. మిద్యానీయులతో యుద్ధం తరవాత ఇస్రాయేలీయులకు దక్కిన సొత్తు గురించి సంఖ్యాకాండం 31వ అధ్యాయం 22, 23 వచనాల్లో బంగారం, వెండి, రాగి, ఇనుము, తగరం, సీసం అని ఆరు లోహాల పేర్లు వస్తాయి. పాత పండితుల ధర్మచర్చల గ్రంథమైన తల్ముదులో అవోదా జారా అనే భాగం ఆ వచనాలనుంచే ఈ మునకను వివరిస్తుంది. గాజు లోహం కాదు. కానీ పగిలితే లోహంలాగే కరిగించి మళ్లీ పోయవచ్చు కాబట్టి తల్ముదు పండితులు దాన్నీ చేర్చారు. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన ధర్మశాస్త్రం షుల్హాన్ ఆరూఖ్‌లో యోరే దేఆ భాగం 120వ అధ్యాయం మొత్తం ఈ ఒక్క విషయానికే కేటాయించారు.

ఇది కడగడం కాదు. తళతళలాడే గిన్నె అయినా ముంచాల్సిందే. మైల తీయడం అసలే కాదు. ఈ రెండో మాట మన ఊళ్లలో మరీ గట్టిగా చెప్పాలి. ఒకసారి సారవకోట మండలంలోని బుడితికి ఇత్తడి సామాను కోసం వెళ్లాను. అక్కడి కంచు, ఇత్తడి పని ఎంత పేరున్నదో మన జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక బిందె, రెండు చెంబులు ఎంచుకుని, వాటిని సముద్రానికి తీసుకుపోతానని మాటల్లో చెప్పాను. తయారు చేసిన పెద్దాయన ముఖం చిన్నబోయింది. "మా చేతి వస్తువు మైలనుకుంటున్నారా అమ్మా?" అన్నారు. మడి, మైల అన్న మాటలు ఈ నేల మీద ఎంతమందిని గుమ్మం బయట నిలబెట్టాయో తెలిసిన మనిషిని నేను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా బిందె పట్టుకుని రావడం నా వల్ల కాలేదు.

"ఇదే బిందెను మీ దగ్గర నాలుగు రోజులకు అరువు తీసుకుంటే నేను ముంచనక్కర్లేదు బాబాయిగారూ. కొంటేనే ముంచాలి. మీ చెయ్యి తగలడమే తప్పయితే అరువు బిందెకూ ఆ తప్పు ఉండాలి కదా?" అన్నాను. ఇది ఆయనను ఊరడించడానికి అల్లిన మాట కాదు. అరువు తెచ్చిన పాత్రకు మునక లేదని తల్ముదే చెబుతోంది. మనిషి చెయ్యి తగలకుండా యంత్రంలోంచి ఊడిపడిన గ్లాసుకూ మునక ఉంది. పొరపాటున ముంచని గిన్నెలో వండితే ఆ కూర పారేయనక్కర్లేదు, తినవచ్చు. గిన్నెను కడిగి ఆపైన ముంచుకుంటే చాలు. యెరూషలేం తల్ముదు చెప్పే కారణంలో అశుద్ధి అనే మాట ఉంది, అది నేను దాచను. కానీ ఆ వాక్యం ఆగేది పాత్ర ఇస్రాయేలు పవిత్రతలోకి ప్రవేశిస్తోందన్న దగ్గర. ఈ మతంలోకి వచ్చే మనిషి మునిగే మునకతోనే పాత పండితులు దీన్ని పోల్చారు. నేనూ అలా మునిగే వచ్చాను. అందుకే మా ఇంట్లో ఏ గిన్నెను ముంచినా నాకు అది పరాయి పనిలా అనిపించదు. పెద్దాయన కాసేపు ఆలోచించి, "అయితే బిందెకు గృహప్రవేశం చేయిస్తారన్నమాట" అన్నారు. అంతకన్నా మంచి మాట నాకు ఇంతవరకు దొరకలేదు.

సొంతం కావడమే అసలు సంగతి అని తెలిస్తే చాలా సందేహాలు వాటంతటవే తేలిపోతాయి. పుట్టింటి నుంచి సారెలో వచ్చిన ఇత్తడి బిందె, కంచు గిన్నె నీ సొంతం, ముంచాలి. అమ్మ దగ్గర రెండు రోజులకు తెచ్చుకున్న కొత్త పళ్లెం అమ్మదే, మునక లేదు. అయితే వాడిన పాత్ర విషయం వేరు. సారె బిందెను పుట్టింట్లో ముందే వాడి ఉన్నా, తెచ్చుకున్న గిన్నెలో అంతకుముందు వండి ఉన్నా, దాన్ని వేడినీళ్లతోనో నిప్పుతోనో కోషెర్ చేసే, అంటే మా ఆహార నియమాలకు తగినట్టు చేసే, పని ఒకటి ఉంటుంది. సొంతమైన పాత్రకు అది ముందు, మునక తరవాత. నేను ఈ మతంలోకి రాకముందు నుంచీ నాతో ఉన్న రెండు స్టీలు గ్లాసుల గురించి రబ్బీని అడిగితే బెరఖా చెప్పకుండా ముంచమన్నారు. బెరఖా అంటే ముంచే ముందు చెప్పే స్తుతివాక్యం.

ఇక దేన్ని ముంచాలి, దేన్ని అక్కర్లేదు అన్నది. స్టీలు, ఇత్తడి, రాగి, కంచు, ఇనుము, గాజు: వీటితో చేసి, వండడానికో వడ్డించడానికో తినడానికో వాడేవన్నీ బెరఖాతో ముంచాలి. గిన్నెలు, కంచాలు, గరిటెలు, పెనం, మూకుడు, ఇడ్లీ రేకులు, కుక్కరు, వాటి మూతలు కూడా. మట్టి కుండకు, రాతి రోలుకు, రాచ్చిప్పకు, చెక్క గరిటెకు, తాటాకు చేటకు మునక లేదు. అడ్డాకు విస్తరికి అసలే లేదు. ఒక్క పూటకు వాడి పారేసే రేకు పళ్లాలకూ అక్కర్లేదు. పొయ్యికి, పట్టకారుకు వద్దు, ఎందుకంటే అవి పట్టుకునేది గిన్నెను, కూరను కాదు. పైన మెరుగు పూసిన పింగాణీని మా ఇంట్లో బెరఖా లేకుండా ముంచుతాం, కొందరు అసలు ముంచరు. ప్లాస్టిక్ మీద పండితుల్లో రెండు అభిప్రాయాలున్నాయి, చాలామంది వద్దంటారు. అల్యూమినియం గురించి కూడా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నేను చేసేది ఇది: అనుమానం లేని ఒక స్టీలు గిన్నెను ముందు పట్టుకుని బెరఖా చెప్పి ముంచుతాను, అనుమానం ఉన్నవన్నీ దాని వెనకే మాట్లాడకుండా ముంచుతాను. అప్పుడు ఏ అభిప్రాయానికీ లోటు రాదు.

మన వంటిళ్లలో ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కత్తిపీట మీద పచ్చిగానే తినే దోసకాయ, ఉల్లిపాయ కూడా తరుగుతాం కాబట్టి పీటతో సహా ముంచుతాను. కొబ్బరికోరు కూడా అంతే. జంతికల గొట్టంలో పెట్టే పిండి ఇంకా తినే స్థితికి రానిది కాబట్టి దానికి బెరఖా లేదు. బియ్యం, పప్పులు పోసుకునే స్టీలు డబ్బాలకూ బెరఖా లేదు.

ఎక్కువ తప్పులు జరిగేది ముంచే దగ్గర కాదు, అంతకుముందు ఇంట్లో. నీరు పాత్రలో ప్రతి చోటికీ, లోపలా బయటా, పిడికీ అంచుకూ ఒకేసారి తగలాలి. మధ్యలో ఏదైనా అంటుకుని ఉంటే మునక చెల్లకపోవచ్చు. స్టీలు గిన్నె అడుగున అంటించే కాగితం ముక్క మనకు పెద్ద శత్రువు. దాన్ని గోటితో గీకితే కాగితం పోతుంది, జిగురు ఉండిపోతుంది. వేడినీళ్లలో అరగంట నానబెట్టి కాగితం తీసి, జిగురు మీద కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగి గుడ్డతో తుడవాలి. తరవాత ఆ నూనె జిడ్డు పోయేదాకా సబ్బుతో తోమాలి. ఆపైన వేలితో తడిమి చూడాలి, కంటిని నమ్మకూడదు. కొత్త ఇనుప పెనానికి తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు, అది కొబ్బరిపీచుతో గట్టిగా తోమితే గానీ పోదు. పళ్లాల మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, కొత్తవాళ్లు దాన్ని గమనించరు. ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టించాలనుకుంటే ముందే పెట్టించి తరవాత ముంచు. కొట్టువాడు పేరు చెక్కితే మంచిదా కాదా అని అడిగావు. చెక్కినది అంటించినది కాదు, నీరు ఆ గీతల్లోకి పోతుంది. ధైర్యంగా చెక్కించుకో.

ఇప్పుడు నీళ్లు. బకెట్టు ఎందుకు పనికిరాదంటే, పాత్రలోకి పట్టినా తోడినా ఆ నీరు "తోడిన నీరు" అవుతుంది. తోడిన నీటితో మిక్వె కాదు. కుళాయి, మిద్దె మీది ట్యాంకు, బోరు మోటారుతో నింపిన తొట్టె, ఈత కొలను అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కట్టించిన మిక్వెలో వాననీరో ఊటనీరో సహజంగా చేరి కనీసం 40 సెఆలు (సెఆ అంటే పాతకాలపు యూదుల కొలత) ఉండాలి. పండితుల లెక్కలను బట్టి అది సుమారు 330 లీటర్ల నుంచి 570 లీటర్ల దాకా వస్తుంది. మన దగ్గర అలాంటిది లేదు. కానీ మనకు సముద్రం ఉంది, ఊట బావులు ఉన్నాయి.

నది ఉంది కదా అంటావేమో. నాగావళి మా ఊరి మధ్యనుంచే పోతుంది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఊటనీరు పారుతూ ఉన్నా చెల్లుతుంది, వాననీరు మాత్రం ఒకచోట నిలిచి ఉంటేనే చెల్లుతుంది. వానాకాలంలో మన నదుల్లో పారేది చాలావరకు వాననీరే. ఎండాకాలంలో చూస్తే ఇసుక తిన్నెలూ, అక్కడక్కడా మడుగులూ. ఇన్ని అనుమానాల మధ్య నదిలో ముంచడం నాకిష్టం లేదు, గంట ప్రయాణంలో సముద్రం ఉండగా.

శ్రీకాకుళం వాళ్లకు కళింగపట్నం ఉంది. విజయనగరం నుంచి నీకు పూసపాటిరేగ వైపు చింతపల్లి తీరం, లేదంటే భీమిలి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటికి పోవద్దు, అక్కడ లాగుడు ఎక్కువ. దీపస్తంభం వైపు నిఖార్సైన సముద్రపు నీటి దగ్గరే ఉండు. ఆటు సమయంలో, తెల్లవారుజామున వెళ్లు. జనవరి నుంచి మార్చి దాకా నీరు నెమ్మదిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, ఆ నెలల్లో మన సముద్రాన్ని నమ్మలేం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, ఆ సమయంలో ముంచకూడదు. నేను ఆదివారం తొలి బస్సుకు పోతాను.

ఒంటరిగా పోవద్దు. మొదటి ఏడాది నేను ఒక్కదాన్నే వెళ్లి, చేతిలోంచి రెండు మూతలు, ఒక గాజు గిన్నె పోగొట్టుకున్నాను. అత్తగారిచ్చిన గిన్నె అది. అలీబాగ్ దగ్గర నీరు నిదానం, మన తీరంలో అల విరుచుకుపడుతుంది, ఆ తేడా నాకు అప్పటికి తెలియదు. అప్పటినుంచి చేపల వల గుడ్డతో కుట్టిన సంచి తీసుకెళ్తున్నాను. వెడల్పు మూతి, పెద్ద కళ్లు ఉన్న వల. అందులో చెంచాలు, గరిటెలు, గ్లాసులు నాలుగైదు చొప్పున వదులుగా వేస్తాను. కుక్కితే ఒకదానికొకటి ఆనుకుని మధ్యలోకి నీరు పోదు. గిన్నెలో గిన్నె పెట్టి ముంచకూడదు. పెద్ద పాత్రలను ఒక్కొక్కటిగా చేత్తోనే ముంచాలి.

నడుము లోతుకు పోనక్కర్లేదు, మోకాలు దాటితే చాలు. పాత్ర అడుగు ఇసుకకు ఆనకూడదు. మొదట రెండు చేతులనూ నీటిలో తడుపు. తడిచేత్తో పట్టుకుంటే వేళ్ల కింద కూడా ఆ నీరే ఉంటుంది. గట్టిగా బిగించి పట్టుకోకు. నీటి కింద చెయ్యి కాస్త వదులు చేసి, పట్టు మార్చి, మళ్లీ పట్టుకో. అంతకుముందు ఈ బెరఖా చెప్పాలి:

బారూఖ్ అత్తా హషేమ్ ఎలోకేను మెలెఖ్ హాఓలామ్, అషెర్ కిద్దెషాను బెమిత్స్వోతావ్ వెత్సివ్వాను అల్ తెవిలత్ కెలీమ్.

హషేమ్ అని, ఎలోకేను అని రాసిన చోట ప్రార్థనలో పలికినట్టే దేవుని పేరు పలకాలి. కాగితం మీద ఆ పేరు రాసి ఎక్కడపడితే అక్కడ పడేయకూడదు కాబట్టి ఇలా రాస్తాం. దీని అర్థం: విశ్వానికి రాజైన మా దేవా, నీ ఆజ్ఞలతో మమ్మల్ని పవిత్రం చేసి, పాత్రల మునక గురించి మాకు ఆజ్ఞ ఇచ్చిన నీకు స్తుతి. ఒక్కటే వస్తువు ఉంటే చివరి మాటను కెలి అంటారు. ఎన్ని పాత్రలున్నా బెరఖా ఒక్కసారే. చెప్పాక చివరి గరిటె ముంచేదాకా వేరే మాటలు మాట్లాడకు. అందుకే ఎవరు ఏది అందించాలో ఒడ్డు మీదే చెప్పుకోవాలి.

మూతి సన్నగా ఉన్న చెంబు, బిందె దగ్గర జాగ్రత్త. బోర్లించి ముంచితే లోపల గాలి నిలిచిపోతుంది, ఆ గాలి ఉన్నంత మేరా నీరు తగలనట్టే. మూతి పైకి పెట్టి, ఒక పక్కకు వంచి, బుడగలు రావడం ఆగేదాకా నీటి కిందే ఉంచాలి. కుక్కరు మూతకు రబ్బరు ఊడదీసి, విజిల్ తీసి, ఆ సన్నని గొట్టంలోకి నీరు పోయేలా నీటిలో అటూ ఇటూ ఆడించాలి.

సాయం పట్టినవాళ్లు యూదులే కానక్కర్లేదు. వేరే వాళ్లు నీ కళ్లెదుట ముంచినా మునక చెల్లుతుంది. కళింగపట్నంలో ఒక మత్స్యకారుల ఇంటి అబ్బాయి నాకు ఏటా పెద్ద పాత్రలు ముంచిపెడతాడు, నేను పక్కనే నిలబడి చూస్తాను. పిల్లలు "ముంచేశాం" అంటే ఆ మాట మీద ఆధారపడకూడదు, పెద్దవాళ్లు కళ్లారా చూడాలి.

సముద్రానికి పోలేని రోజుల్లో బావి. నరసన్నపేట దగ్గర మా అమ్మగారి ఊళ్లో ఇంటి వెనక ఊటబావి ఉంది. మోటారుతో నింపేది కాదు, నేల అడుగునుంచి ఊరేది. బావి నీటిని పైకి తోడి ముంచితే చెల్లదు, పాత్రే బావిలోకి దిగాలి. చేద తాడుకు వల సంచి వదులుగా కట్టి, పూర్తిగా మునిగేదాకా దించి, ఒకటికి రెండుసార్లు కదిపి పైకి లాగుతాను. తాడును పాత్ర పిడికి బిగించి కట్టకు. గాజు సామాను మాత్రం గోడకు కొట్టుకుంటుంది, దాన్ని సముద్రానికే ఉంచుకో.

కరెంటు సామానుకు కూడా నేను బావినే వాడతాను. ఉప్పునీరు తీగలను తినేస్తుంది. ఈ సంగతి నాకు ఒక కెటిల్‌ను పాడుచేసుకున్నాక తెలిసింది. మిక్సీలో మోటారు ఉన్న కింది భాగం తిండికి తగలదు, దాన్ని ముంచనక్కర్లేదు. జార్లను మూతలతో సహా ముంచితే చాలు. కరెంటు కుక్కరులో లోపలి గిన్నె, మూత. గ్రైండరులో లోపలి స్టీలు డ్రమ్ము ఊడితే అది, బెరఖా లేకుండా. చిక్కంతా కెటిల్‌తోనే. గిన్నె, తీగ, మీట అన్నీ ఒకే ఒంటికి అతుక్కుని ఉంటాయి. గోడకు తగిలించి వాడేది కాబట్టి మునక అక్కర్లేదన్న పండితులు ఉన్నారు, కానీ ఎక్కువమంది కావాలనే అంటారు. నేను ఇప్పుడు చేసేది ఇది: తెర, గడియారం లాంటివి లేని సాదా కెటిల్ కొంటాను. బావిలో ముంచి, వెంటనే నీరంతా వంచేసి, మే నెల ఎండలో నాలుగు రోజులు తిప్పితిప్పి ఆరబెడతాను. ఆరిందనిపించినా ఇంకో రోజు ఆగుతాను. తడి ఉండగా కరెంటు పెడితే ప్రాణం మీదికి వస్తుంది, ఈ ఒక్కచోట తొందరపడకు. అడుగున విడిగా ఉండే పీటను ముంచవద్దు.

నీ కెటిల్‌కు వెలిగే అంకెలు, తాకే మీటలు ఉన్నాయన్నావు. అది నీటిలో దిగితే బతకదు. దానికి షుల్హాన్ ఆరూఖ్‌లోనే ఒక దారి ఉంది: యూదులు కాని వ్యక్తికి దాన్ని నిజంగా బహుమతిగా ఇచ్చేసి, తిరిగి అరువు తెచ్చుకుని వాడుకోవడం. మాటవరసకు ఇవ్వడం కాదు. వాళ్లు తిరిగి అడిగితే ఇచ్చేయాల్సిందే. మునకకు వీలు దొరికేదాకే ఈ దారి అని, ఎప్పటికీ దీని మీదే ఉండకూడదని చెప్పిన పండితులు ఉన్నారు కాబట్టి నీ రబ్బీని అడుగు. ఈలోగా మీ అమ్మగారికి ఇచ్చి అరువు తెచ్చుకో. మా ఇంట్లో రొట్టెలు కాల్చే యంత్రం ఇప్పటికీ మా అమ్మదే. పండగకు వచ్చినప్పుడు "నా మిషను బాగా చూసుకుంటున్నారా?" అని అడుగుతుంది. బాగానే చూసుకుంటున్నాం.

ఇంటికి వచ్చాక సముద్రంలో ముంచినవాటిని మంచినీళ్లతో వెంటనే కడుగు, లేదంటే ఇనుప పెనం సాయంత్రానికే ఎర్రబడుతుంది. ఇత్తడిని చింతపండుతో తోము. ముంచినవీ ముంచనివీ కలిసిపోకుండా, ముంచాల్సినవాటి పిడులకు ఎర్రదారం కట్టి విడిగా ఒక అట్టపెట్టెలో పెట్టుకో. దారం నీటి దగ్గర, ముంచే ముందు విప్పు. ఏదైనా గిన్నె ముంచామో లేదో గుర్తు రాకపోతే బెరఖా లేకుండా మళ్లీ ముంచు. వచ్చే ఆదివారం నేను కళింగపట్నం వెళ్లాల్సి ఉంది, కానీ నీకోసం భీమిలికే వస్తాను. వల సంచి నేను తెస్తాను, నువ్వు స్టిక్కర్లు తీసి ఉంచు.